ఇల్లు తిరిగి కట్టడానికి ఎంతవుతుందో మీరే లెక్క వేసి చూపండి: ఇంటి బీమా సంస్థలకు బహిరంగ లేఖ

ఇంటి బీమా పాలసీలు జారీ చేసే సంస్థల అధిపతులకు, ఏ ఇంటికి ఏ షరతులతో పాలసీ ఇవ్వాలో నిర్ణయించే అండర్‌రైటింగ్ విభాగాల బాధ్యులకు నమస్కారం.

భవనాలకు అంచనాలు వేయడం నా వృత్తి. కొత్తగా ఇల్లు కట్టుకోబోయేవారికి ఎంతవుతుందో లెక్కకట్టి ఇవ్వడం అందులో ఒక భాగమైతే, అగ్నిప్రమాదంలోనో వరదలోనో భూకంపంలోనో దెబ్బతిన్న ఇంటిని మళ్లీ నిలబెట్టడానికి ఎంతవుతుందో తేల్చడం మరో భాగం. ఈ రెండో పని కోసం వచ్చేవారిలో అసలు బీమాయే లేనివారి సంగతి నేనిక్కడ ఎత్తడం లేదు. బీమా ఉండి, ప్రీమియం ఏటా తప్పకుండా కట్టి, పాలసీ కాగితాలు భద్రంగా దాచుకుని, తీరా అవసరం పడినప్పుడు వాటిలో రాసి ఉన్న మొత్తంతో గోడలు లేస్తాయే గాని పైకప్పు పడదని తెలుసుకున్నవారి తరఫున ఈ లేఖ రాస్తున్నాను.

అలా ఎందుకు జరిగిందని వెనక్కి వెళ్లి చూస్తే, ప్రతిసారీ దాదాపు ఒకే చోటికి చేరుకుంటాం. ప్రపోజల్ ఫారంలో ‘బీమా మొత్తం’ అని అచ్చువేసి, ఎదురుగా ఖాళీగా వదిలిన ఒక గడి ఉంటుంది. ఇంటి చిరునామా, యజమాని పుట్టిన తేదీ, నామినీ పేరు రాసే చోట్ల ఉన్నంత వివరణ కూడా ఆ గడి దగ్గర ఉండదు. ఆ ఒక్క అంకె మీదే పాలసీ మొత్తం ఆధారపడి ఉంటుందని, అది తక్కువ పడితే ఆ లోటు తామే భరించాలని చాలామందికి క్లెయిము నాటి దాకా తెలియదు. ఆ అంకెను లెక్కకట్టే బాధ్యతను ఇంటి యజమాని నుంచి మీరు తీసుకోవాలని, లెక్కను అరమరికలు లేకుండా వారికి చూపించాలని, ఏటా దాన్ని సరిచూడాలని మిమ్మల్ని కోరుతున్నాను.

ప్రస్తుతం ఆ గడిలో ఏం రాస్తున్నారో మీకు తెలియనిది కాదు. ఎక్కువమంది ఇల్లు కొన్న ధరనో, ఇప్పుడు అమ్మితే వస్తుందనుకునే ధరనో రాస్తారు. అమ్మకం ధరలో స్థలం విలువ కలిసి ఉంటుంది. ఇల్లు కాలిపోయినా స్థలం అక్కడే ఉంటుంది కాబట్టి దానికి బీమా అక్కర్లేదు. గిరాకీ ఉన్న ప్రాంతంలో స్థలం విలువే ఇంటి విలువను మించిపోతుంది కనుక, అక్కడివారు అవసరానికి మించిన మొత్తానికి పాలసీ తీసుకుని, ఎన్నటికీ చేతికి రాని సొమ్ముకు ఏళ్ల తరబడి ప్రీమియం కడతారు. స్థలాలకు గిరాకీ లేని చోట పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. పెద్ద పాత ఇల్లు చవగ్గా అమ్ముడుపోతుంది గాని, దాన్ని అదే కొలతలతో మళ్లీ కట్టాలంటే అమ్మకం ధరకు ఎంతో మించి ఖర్చవుతుంది. నిజంగా దెబ్బతినేది ఈ రెండో వర్గమే, వారిలో ఎక్కువమంది ఆర్థికంగా అంత వెసులుబాటు లేనివారే. ఒకే ప్లానుతో, ఒకే సామగ్రితో రెండు చోట్ల కట్టిన రెండు ఇళ్ల అమ్మకం ధరల మధ్య ఎంత తేడా ఉన్నా, తిరిగి కట్టే ఖర్చులో ఉండే తేడా కూలి రేట్లు, రవాణా, నేల స్వభావం వంటి వాటి మేరకే.

మరికొందరు గృహరుణం మొత్తాన్ని రాస్తారు. అప్పు ఇచ్చిన బ్యాంకుకు తన బాకీ వసూలైతే చాలు కనుక అంత మొత్తానికే పాలసీ తీసుకోమంటుంది. ఏటేటా అప్పు తగ్గుతూ ఉంటే కట్టుబడి ఖర్చు పెరుగుతూ పోతుంది. అందువల్ల అప్పు తీరేనాటికి ఆ పాలసీకీ ఇంటికీ సంబంధమే ఉండదు. ఇల్లు కట్టిననాటి బిల్లులు వెతికి కూడికలు వేసి రాసేవారు ఇంకా జాగ్రత్తపరులు, కానీ ఆ బిల్లులు ఆనాటి ధరలవి. తమ ఇంటి కోసం తామే నిలబడి చేసుకున్న పర్యవేక్షణ, బంధువుల చేతిసాయం, ముందే కొని ఉంచిన కలప, విడతలు విడతలుగా వేసిన గదులు ఏ బిల్లులోనూ కనపడవు. ఇంకొందరు ఆదాయపు పన్ను లెక్కల్లో తరుగుదల తీసేశాక మిగిలిన విలువను రాస్తారు. ఇరవై ఏళ్ల నాటి గోడ విలువ కాగితం మీద సగానికి పడిపోవచ్చు గాని, దాని స్థానంలో కొత్త గోడ కట్టే మేస్త్రీ సగం కూలికి రాడు.

చదరపు అడుగుకు ఇంతని ఒక రేటు తీసుకుని విస్తీర్ణంతో గుణించే పద్ధతి వీటన్నిటికంటే మెరుగైనదే. అయినా ఆ పద్ధతిలో కూడా అంచనా ఎక్కడ జారిపోతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ సంస్థల్లో చాలా వాటి కాలిక్యులేటర్లు లోపల చేస్తున్నది ఈ గుణకారమే. మొదటి చిక్కు విస్తీర్ణంలోనే ఉంది. కార్పెట్ ఏరియాలో బయటి గోడల మందం చేరదు. బిల్టప్ ఏరియాలో చేరుతుంది. సూపర్ బిల్టప్‌లో మెట్లు, లిఫ్టు, నడవాల వాటా కూడా కలుస్తుంది. బిల్డర్లు చెప్పే కట్టుబడి రేటు సాధారణంగా బిల్టప్ ఏరియాకు వర్తిస్తుంది. ఆ రేటును కార్పెట్ ఏరియాతో గుణిస్తే బయటి గోడలు లెక్కలోంచి మాయమవుతాయి, సూపర్ బిల్టప్‌తో గుణిస్తే ఇతరులకు కూడా వాటా ఉన్న భాగాలు ఒక్కరి ఖాతాలో పడతాయి. ఫారంలో ‘విస్తీర్ణం’ అని ఒక్క మాట వేసి వదిలేస్తే, ఎవరికి తెలిసిన కొలత వారు రాస్తారు.

రెండో చిక్కు రేటులో ఉంది. వంటగది, స్నానాలగది ఏ ఇంట్లోనైనా అత్యంత ఖరీదైన భాగాలు. పైపులు, టైల్స్, కుళాయిలు, గట్లు, నీరు ఇంకకుండా వేసే పొరలు అన్నీ అక్కడే ఉంటాయి. చిన్న ఇంట్లోనూ ఒక వంటగది, ఒక స్నానాలగది తప్పవు కనుక చదరపు అడుగు సగటు ఖర్చు పెద్ద ఇంటి కంటే చిన్న ఇంటికి ఎక్కువ పడుతుంది. పెద్ద ఇళ్ల సగటుతో చిన్న ఇంటికి లెక్కకడితే లోటు ఖాయం. విస్తీర్ణం సమానమైనా, చతురస్రంగా కట్టిన ఇంటికి పట్టే బయటి గోడ కంటే మూలలు, వంపులు ఎక్కువగా ఉన్న ఇంటికి పట్టే గోడ పొడుగు. పదడుగుల ఎత్తు గోడకూ పన్నెండడుగుల గోడకూ ఇటుకల్లో, ప్లాస్టరింగులో, రంగుల్లో అయిదో వంతు తేడా వస్తుంది, అయినా నేల విస్తీర్ణం మాత్రం మారదు. ఏటవాలు స్థలంలో వేసిన పునాదికి, నల్లరేగడి వంటి ఉబ్బే నేలలో వేసిన పునాదికి, గట్టి నేలలో వేసిన పునాదికి పోలికే లేదు. ఇవేవీ అడగకుండా చేసిన గుణకారాన్ని అంచనా అనలేం.

అన్నిటికంటే పెద్ద లోపం వేరొకటుంది. ఆ రేటు ఖాళీ స్థలంలో కొత్తగా కట్టే ఇంటిది, అదీ చాలాసార్లు ఒకేచోట పదుల సంఖ్యలో ఇళ్లు కట్టే సంస్థ రేటు. సిమెంటు, స్టీలు టోకున కొని, సెంట్రింగ్ సామాను ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మార్చుకుంటూ, మేస్త్రీలకు ఏడాది పొడవునా పని చూపించగల సంస్థకు గిట్టుబాటయ్యే ధర, ఒక్క ఇంటిని ఒంటరిగా కట్టాల్సిన కాంట్రాక్టరుకు గిట్టదు.

పైగా కూలిన ఇంటి దగ్గర పని కట్టుబడితో మొదలవదు. ముందుగా చుట్టూ కంచె వేయాలి, కరెంటు, గ్యాసు, నీటి కనెక్షన్లు తీయించాలి, పక్కింటి గోడ ఒరగకుండా ఆన్పులు పెట్టాలి. తర్వాత ఇంజనీరు వచ్చి ఏది నిలబడుతుందో, ఏది నిలబడదో చూడాలి. కాలిన స్లాబు కింద నిలబడి సుత్తితో పెచ్చులు రాల్చితే లోపలి కాంక్రీటు కొన్నిచోట్ల గులాబీ రంగులో కనిపిస్తుంది. కంకరలోని ఇనుప ధాతువుల వల్ల దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర కాంక్రీటుకు ఆ రంగు వస్తుంది. ఆ రంగు ఎంత లోతుకు దిగిందో చూసి వేడి ఎంతదాకా చొచ్చుకుపోయిందో అంచనా కడతాం. 600 డిగ్రీల ప్రాంతంలో ఉక్కు తన బలంలో సుమారు సగం కోల్పోతుంది. వేడికి సాగి కిందికి వంగిన బీములో ఊచలు చల్లారాక కొంత బలం పుంజుకున్నా, ఆ బీము తన పూర్వపు స్థితికి రాదు. బయటినుంచి చూసినవారికి గోడలు, పిల్లర్లు నిలబడే ఉంటాయి కాబట్టి ‘పైపై పని చేయిస్తే సరిపోతుంది’ అనిపిస్తుంది. కాంక్రీటులోంచి చిన్న స్తంభం లాంటి ముక్క (కోర్) కోసి తీసి పరీక్ష చేయించాక మొత్తం తీసేయాలని తేలవచ్చు. ఆ పరీక్షలకు డబ్బవుతుంది. తీసేయడానికి డబ్బవుతుంది. నీళ్లు, మసి కలిసి ముద్దలైన శిథిలాలను పాత ఆస్‌బెస్టాస్ రేకుల వంటి ప్రమాదకర వ్యర్థాల నుంచి విడదీసి, అనుమతించిన చోటికి తరలించడానికి ఇంకా డబ్బవుతుంది. ఇంత ఖర్చు పెట్టాక మనం చేరుకునేది కొత్తగా ఇల్లు కట్టేవారు మొదలుపెట్టే ఖాళీ స్థలానికి మాత్రమే.

అక్కడి నుంచి ప్లాను, ఆర్కిటెక్టు రుసుము, స్ట్రక్చరల్ డిజైను, స్థానిక సంస్థ అనుమతి, పన్నులు, కాంట్రాక్టరు లాభం ఉంటాయి. ఇల్లు మొదట కట్టినప్పుడు లేని నిబంధనలు ఇప్పుడు ఉండవచ్చు. భూకంపాన్ని తట్టుకునేలా పిల్లరు ఊచలకు దగ్గరదగ్గరగా రింగులు కట్టాలనో, వరద మట్టానికి పైన అంతస్తు లేపాలనో, వైరింగ్ అంతా కొత్త ప్రమాణాల ప్రకారం ఉండాలనో అధికారులు చెబుతారు. అలా చేయకపోతే అనుమతి రాదు. పాత ఇంటిని ఉన్నదున్నట్టుగా కట్టడానికే పరిమితమైన పాలసీ, చట్టం ప్రకారం కట్టక తప్పని ఆ అదనపు పనికి డబ్బు ఇవ్వదు. ఈ ఒక్క అంశం మీదే ఎన్నో కుటుంబాల లెక్కలు తలకిందులు కావడం చూశాను.

ఇక కాలం సంగతి. పాలసీ మీద అంకె రాసిన రోజుకూ, చివరి బిల్లు చెల్లించే రోజుకూ మధ్య ఎంత ఎడం ఉంటుందో ఆలోచించండి. ఏడాది పాలసీ చివరి నెలలో నష్టం జరిగితే, క్లెయిము తేలి, ప్లాను అనుమతులు వచ్చేసరికి ఆరు నెలలు, కట్టడానికి మరో ఏడాది అనుకుంటే మొత్తం 30 నెలలు. కట్టుబడి ఖర్చు ఏటా 6 శాతం చొప్పున పెరిగినా 30 నెలల్లో దాదాపు 16 శాతం పెరుగుతుంది, 8 శాతం చొప్పునయితే 21 శాతం దాటుతుంది. ఖర్చు కట్టుబడి కాలమంతటా పరుచుకుంటుంది కనుక సగటున భారం ఇంతకంటే కొంత తగ్గవచ్చు గాని, అంకె రాసిన రోజున సరిగ్గా సరిపోయిన బీమా మొత్తం కూడా చివరికి చాలదన్నది మాత్రం తప్పదు. ఎన్నో పాలసీల్లో ఆ అంకె గత ఏడాదిది కూడా కాదు, మొదటిసారి పాలసీ తీసుకున్ననాటిది. రెన్యువల్ నోటీసులో ప్రీమియం మారుతుంది, కట్టాల్సిన గడువు మారుతుంది, బీమా మొత్తం మాత్రం అలాగే ఉంటుంది.

ఊరంతటికీ ఒకేసారి నష్టం వస్తే ఈ లెక్కలేవీ నిలవవు. 2021 డిసెంబర్ 30న అమెరికాలోని కొలరాడోలో గాలుల ధాటికి చెలరేగిన మార్షల్ ఫైర్ కొన్ని గంటల్లోనే వెయ్యికి పైగా ఇళ్లను కాల్చేసింది. వెయ్యి కుటుంబాలకు ఒకేసారి కాంట్రాక్టర్లు, వడ్రంగులు, కరెంటు పనివారు, సిమెంటు, కలప కావలసి వస్తే ధరలు మామూలు పెరుగుదలతో ఆగవు. చాలా పాలసీల్లోని మొత్తాలు తిరిగి కట్టడానికి చాలవని తేలింది, ఆ రాష్ట్రం ఆ తర్వాత ఇంటి బీమా చట్టాలను మార్చుకోవాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో 2003 జనవరిలో కాన్‌బెర్రా శివార్లను తగలబెట్టిన కార్చిచ్చు దాదాపు 500 ఇళ్లను బూడిద చేశాక కూడా ఇదే బయటపడింది. ఆ దేశపు సెక్యూరిటీలు, పెట్టుబడుల కమిషన్ ఇళ్ల బీమా మొత్తాలు చాలకపోవడం మీద 2005లో ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది. ఇలాంటి విపత్తులు ఎక్కడ వస్తాయో ఇంటి యజమానికి తెలియదు గాని, మీ దగ్గర ప్రాంతాలవారీగా ప్రమాద పటాలు ఉంటాయి. వాటిని ప్రీమియం నిర్ణయించడానికి వాడుతున్నప్పుడు, బీమా మొత్తంపై ఎంత శాతం అదనపు రక్షణ ఉండాలో చెప్పడానికి కూడా వాడాలి కదా.

తక్కువ బీమా వల్ల ఇల్లు పూర్తిగా పోయినవారికే నష్టమని చాలామంది అనుకుంటారు. బీమా మొత్తం ఎంత తక్కువగా ఉంటే క్లెయిమును ఆ నిష్పత్తిలో తగ్గించే నిబంధన, అంటే యావరేజ్ క్లాజు, ఉన్న పాలసీలో చిన్న నష్టానికి కూడా కోత పడుతుంది. ఇంటిని తిరిగి కట్టడానికి 100 పాళ్లు కావలసి ఉండగా పాలసీలో 60 పాళ్లే ఉందనుకుందాం. వంటగది, దాని పక్కగది కాలి 30 పాళ్ల నష్టం జరిగింది. నష్టం బీమా మొత్తంలో సగమే కాబట్టి పూర్తిగా వస్తుందని కుటుంబం నమ్ముతుంది. నష్టాన్ని లెక్కకట్టే సర్వేయర్ మాత్రం 60కి 100కి ఉన్న నిష్పత్తి ప్రకారం 18 పాళ్లే చెల్లించాలని రాస్తాడు, మిగిలిన 12 పాళ్లు ఆ కుటుంబం తెచ్చుకోవాలి. ఈ నిబంధన వెనుక న్యాయం ఉంది. పూర్తి విలువకు ప్రీమియం కట్టినవారిని, సగం విలువకు కట్టినవారిని ఒకేలా చూడలేరు. తెలిసి తక్కువ రాసినవారికి ఆ న్యాయం వర్తిస్తే ఎవరూ తప్పుపట్టరు. ఏం రాయాలో ఎవరూ చెప్పక తక్కువ రాసినవారికి కూడా అదే కోత వేయడమే అన్యాయం. ఎందుకంటే 100 పాళ్లు కావాలని ఆ రోజు సర్వేయర్ తేల్చగలిగినప్పుడు, ఆ మాట పాలసీ ఇచ్చేనాడే చెప్పి ఉండవచ్చు. క్లెయిము రోజున అందుబాటులోకి వచ్చిన నైపుణ్యం పాలసీ రోజున ఎందుకు లేదన్న ప్రశ్నకు నాకు ఇంతవరకూ సరైన జవాబు దొరకలేదు.

ఆ బాధ్యత మొదటినుంచీ యజమానులదే అన్న వాదన కూడా సరికాదు. న్యూజిలాండ్‌లో కాంటర్‌బరీ భూకంపాలకు ముందు ఇంటి పాలసీల్లో ఎక్కువ భాగం విస్తీర్ణం ఆధారంగా ఉండేవి. ఎంత ఖర్చయినా ఆ విస్తీర్ణంలో ఇల్లు కట్టించే భారం బీమా సంస్థ మీదే ఉండేది. 2010 సెప్టెంబర్‌లో, 2011 ఫిబ్రవరిలో వచ్చిన భూకంపాల నష్టాలు చూశాక, బీమా సంస్థలకే బీమా ఇచ్చే రీఇన్సూరెన్స్ సంస్థలు పరిమితి కోరడంతో, 2013 నుంచి అక్కడి సంస్థలు ‘బీమా మొత్తం’ పద్ధతికి మారాయి. అంతవరకూ నిపుణుల మీద ఉన్న లెక్క ఒక్కసారిగా ప్రతి ఇంటి యజమాని మీదా పడింది. మీ భారానికి హద్దు ఉండాలని మీరు కోరుకోవడాన్ని నేను కాదనను. హద్దు పెట్టుకున్నవారే ఆ హద్దు ఎక్కడ ఉండాలో కొలిచి చూపాలి.

ఇది చేయదగిన పనేనని చూపే నమూనాలు ఇప్పటికే ఉన్నాయి. కాలిఫోర్నియాలో 2011లో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, బీమా సంస్థగానీ ఏజెంటుగానీ ఒక ఇంటికి పునర్నిర్మాణ వ్యయం ఇంత అని చెబితే, అందులో కూలి, సామగ్రి, కాంట్రాక్టరు లాభం, కూల్చివేత, శిథిలాల తరలింపు, అనుమతులు, ప్లాను ఖర్చులు ఉండి తీరాలి. పునాది రకం, కప్పు, అంతస్తులు, గోడల ఎత్తు, ఏటవాలు స్థలమా కాదా, లోపలి సామగ్రి వంటివి పరిగణించాలి. స్థలం అమ్మకం ధర మీదగానీ, అప్పు బాకీ మీదగానీ ఆ అంచనా ఆధారపడకూడదు, తరుగుదల తీసేయకూడదు. దాన్ని బీమా సంస్థల సంఘం కోర్టులో సవాలు చేసింది, 2017 జనవరిలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు నిబంధనను సమర్థించింది. బ్రిటన్‌లో బీమా సంస్థల సంఘం, కట్టుబడి ఖర్చుల సమాచారం ఇచ్చే బిల్డింగ్ కాస్ట్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ కలిసి ఇళ్ల పునర్నిర్మాణ వ్యయం చూసుకునే కాలిక్యులేటర్‌ను ప్రజలకు అందించాయి.

భారతదేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’ ప్రామాణిక పాలసీ బీమా మొత్తాన్ని కార్పెట్ ఏరియా, కట్టుబడి రేట్ల లబ్ధంగా నిర్వచించింది. ఏడాదికి 10 శాతం దానంతటదే పెరిగేలా ఏర్పాటు చేసింది, తక్కువ బీమా పేరుతో క్లెయిములో కోత వేయకూడదంది, ఆర్కిటెక్టు వంటివారి రుసుములకు క్లెయిములో 5 శాతం దాకా, శిథిలాల తొలగింపుకు 2 శాతం దాకా చోటిచ్చింది. ఇది చాలా మంచి అడుగు. అయినా కోత తీసేసినంత మాత్రాన పరిమితి తొలగిపోదు. ఇల్లు మొత్తం పోయినవారికి పాలసీలోని అంకె వరకే వస్తుంది, కాబట్టి ఆ రేటు ఎవరు, దేని ఆధారంగా వేశారన్న ప్రశ్న అలాగే మిగిలి ఉంది. పైన చెప్పినట్టు, బిల్టప్ ఏరియాకు చెప్పే రేటునే కార్పెట్ ఏరియాకు వేస్తే మొదటి గుణకారంలోనే లోటు మొదలవుతుంది.

అందుకే ఆ ఒక్క గడి స్థానంలో ఒక లెక్క కాగితం పెట్టమని అడుగుతున్నాను. రెండు పేజీలు చాలు. ఏ కొలత ప్రకారం ఎంత విస్తీర్ణం, గోడల ఎత్తు ఎంత, పునాది, కప్పు ఏ రకం, నేలకు పరిచిన రాయి ఏది, వంటగది, స్నానాలగదులు ఎన్ని, ప్రహరీ, సంపు, మెట్లు, గోడలో బిగించిన అల్మరాలు ఉన్నాయా అన్నవి యజమాని చెప్పగల ప్రశ్నలు. వాటికి జవాబులు తీసుకుని అంకెను మీరు వేయాలి, వేసిన తీరును వరుసగా చూపాలి. కూల్చివేత, శిథిలాలు, రుసుములు, కొత్త నిబంధనల వల్ల పెరిగే ఖర్చు బీమా మొత్తంలోనే ఉన్నాయా, దానిపై అదనంగా వస్తాయా అన్నది స్పష్టంగా రాయాలి. కుటుంబం బయట అద్దెకు ఉండే ఖర్చును ఇంటి కట్టుబడి సొమ్ములోంచి తీయకుండా విడిగా ఉంచాలి. ఆ కాగితం పాలసీలో భాగం కావాలి. యజమాని నిజాలు చెప్పి, మీ అంచనాకు ఒప్పుకుని, దానికి తగ్గ ప్రీమియం కట్టినప్పుడు యావరేజ్ క్లాజును వర్తింపజేయబోమని అందులోనే రాసివ్వాలి. వివరాలు దాచినవారికి మాత్రం మీరు ఏ రక్షణా ఇవ్వనక్కర్లేదు.

అంచనా ఇస్తే దానికి తామే బాధ్యులవుతామన్న భయం మీ న్యాయ విభాగాలకు ఉంటుందని తెలుసు. ఏ అంచనా అయినా అంచనాయే, నా వృత్తిలో ప్రతి కాగితం మీదా ఆ మాట రాస్తాం. అయితే మా దగ్గర లేని సంపద మీ దగ్గరుంది. ఇళ్లు నిజంగా తిరిగి కట్టినప్పుడు వచ్చిన బిల్లులు, ఏళ్ల తరబడి తీర్చిన క్లెయిముల రూపంలో మీ ఫైళ్లలో ఉన్నాయి. ఏ ప్రాంతంలో శిథిలాల తొలగింపుకు ఎంతయిందో, అంచనాకూ ఆఖరి బిల్లుకూ సగటున ఎంత తేడా వచ్చిందో మీకంటే బాగా చెప్పగలవారు లేరు. పునర్నిర్మాణానికి చెల్లించేది మీరే కనుక దాని ఖర్చు మీకు తెలియదనడం చెల్లదు. ఆ సమాచారాన్ని పేర్లు, చిరునామాలు తీసేసి రేట్ల పట్టికగా ప్రచురిస్తే యజమానులకే కాదు, నా వంటి ఇంజనీర్లకు కూడా మేలు చేసినవారవుతారు.

బీమా మొత్తం పెంచితే ప్రీమియం పెరిగి పాలసీదారు పక్క సంస్థకు వెళ్లిపోతాడన్నది ఏజెంట్లు చెప్పే మాట. ఒక సంస్థ మాత్రమే సరైన అంకె వేసి, మిగిలినవారు తక్కువ అంకెతో తక్కువ ప్రీమియం చూపిస్తే నిజాయితీపరుడే నష్టపోతాడు. అందుకే ఈ లేఖ ఒక్క సంస్థకు కాకుండా అందరికీ రాస్తున్నాను. లెక్క కాగితం అందరిదీ ఒకేలా ఉంటే పోటీ అంకెను తగ్గించడం మీద కాకుండా రేటు మీద, సేవ మీద సాగుతుంది. ఏజెంటు కమిషన్ ప్రీమియం మీద ఆధారపడినా, అమ్మకం చేజారుతుందనే భయంతో అతనే అంకెను తగ్గించి రాయిస్తున్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అతన్ని తప్పుపట్టేకంటే అంకె రాసే పనినే అతని చేతిలోంచి తీసేయడం మేలు.

అపార్ట్‌మెంట్ల విషయం విడిగా చెప్పాలి. ఫ్లాటు యజమాని తన గోడల మధ్య ఉన్నదానికి పాలసీ తీసుకుంటాడు. పునాది, పిల్లర్లు, మెట్లు, లిఫ్టు, పైకప్పు, నీటి ట్యాంకులు ఎవరి పాలసీలో ఉన్నాయని అడిగితే చాలా భవనాల్లో జవాబుండదు. భవనం కూలితే నాలుగో అంతస్తు ఫ్లాటును మాత్రం తిరిగి కట్టలేం. ఇరవై మందిలో పన్నెండు మందికే బీమా ఉంటే, ఆ పన్నెండు మంది సొమ్ముతో భవనం లేవదు. భవనం మొత్తానికి సంఘం పేరు మీద ఒకే పాలసీ, దానికి ఒకే పునర్నిర్మాణ అంచనా ఉండేలా మీరు ప్రోత్సహించాలి. ఫ్లాటుకు విడిగా పాలసీ అమ్మేటప్పుడు, ఉమ్మడి భాగాలకు బీమా ఉందో లేదో అడిగి ఆ జవాబును పాలసీ మీదే రాయాలి.

సున్నంతో కట్టిన పాత ఇళ్లు, చెక్కడపు పనితనం ఉన్న దూలాలు, చెక్క దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్ కప్పులు ఉన్న ఇళ్లకు ఏ కాలిక్యులేటరూ పనికిరాదు. అలాంటి చోట మనిషిని పంపి చూపించడం తప్ప మార్గం లేదు. ఇంటిని ఉన్నట్టుగానే కట్టాలా, అదే ఉపయోగానికి ఇప్పటి పద్ధతిలో కట్టినా సరిపోతుందా అన్నది యజమానితో ముందే మాట్లాడి రాసుకోవాలి.

యజమానుల వంతు కూడా ఉంది. పైన గది వేసినా, నేల మార్చినా, వంటగది బాగుచేయించినా ఆ సంగతి మీకు తెలియజేయడం వారి పనే. అయితే అడగందే చెప్పరు, రెన్యువల్ నోటీసులో ఆ ప్రశ్న వేయడం మీకు కష్టమైన పని కాదు. ఏటా బీమా మొత్తాన్ని నిత్యావసరాల ధరల సూచీతో కాకుండా కట్టుబడి ఖర్చుల సూచీతో సవరించాలి. ఏ సూచీ, ఎంత శాతం అన్నది నోటీసులోనే ఉండాలి. అయిదేళ్లకోసారైనా లెక్క కాగితాన్ని మొదటినుంచి కొత్తగా వేయాలి, ఎందుకంటే పాత తప్పును సూచీతో పెంచుకుంటూ పోతే ఆ తప్పు కూడా పెరుగుతూ పోతుంది.

ఈ మార్పులన్నీ ఒక్క రోజులో కావని నాకు తెలుసు. అందుకే మొదటి అడుగుగా ఒక్కటి అడుగుతున్నాను. రాబోయే రెన్యువల్ నుంచే ప్రతి ఇంటి పాలసీదారుకూ, మీ రికార్డుల్లో ఉన్న వివరాల ప్రకారం వారి ఇంటి పునర్నిర్మాణానికి ఎంతవుతుందని మీరు భావిస్తున్నారో, ఇప్పుడున్న బీమా మొత్తం అందులో ఎన్నో వంతో, తేడాను పూడ్చడానికి ప్రీమియం ఎంత పెరుగుతుందో మూడు వరుసల్లో రాసి పంపండి. పెంచుకోవాలా వద్దా అన్నది వారు నిర్ణయించుకుంటారు. ఆ కాగితం రూపకల్పనకు గానీ, రేట్ల పట్టిక తయారీకి గానీ నా వంటి అంచనాదారుల సాయం కావాలంటే, మా వృత్తి సంఘాల ద్వారా అడగండి, తప్పకుండా చేస్తాం.

ఇట్లు,
భవన నిర్మాణ అంచనాలు వేసే ఒక ఇంజనీరు